చిత్తుప్రతి, శుద్ధప్రతి: ఒక విద్యార్థిని అక్రిలిక్ చిత్రములు

ప్రాచీన గ్రంథములకు పాఠనిర్ణయము చేయువారికి ప్రతులు రెండు దొరకుట భాగ్యమును, చిక్కును గూడ. రెండును ఒకే చేతి వ్రాతయైనచో చిక్కు మరింత పెరుగును. ఏది ముందటిది? దేనిని లోకమున కీయవలెను? ఈ ప్రశ్నలు తాళపత్రములకు మాత్రమే చెందినవని మేము భావించుచుంటిమి. చిత్రలేఖనము నభ్యసించుచున్న ఒక విద్యార్థిని తన చిత్రములను గూర్చి తెలుగున వ్రాసికొన్న రెండు ప్రతులు మా చేతికి వచ్చిన పిమ్మట ఆ యభిప్రాయమును మార్చుకొనవలసి వచ్చినది.

మొదటి ప్రతి చిత్తుపుస్తకము. పనిచేయుచు, రంగంటిన వ్రేళ్ళతోనే వ్రాసినది. రెండవది పరీక్షకై చిత్రములతో బాటు సమర్పించిన నాలుగు పుటల వివరణము. చిత్రములు అయిదు. అన్నింటను వస్తువొక్కటే: ఇంటి పెరడు, అందొక నుయ్యి, నూతిపై గిలక, బట్టలారవేయు తీగ, వెనుక సాయంకాలపు ఆకాశము. రంగు అన్నింటను అక్రిలిక్.

ఈ రంగు స్వభావమును కొంత తెలియనిదే ప్రతుల భేదము బోధపడదు. నీటితో కలుపదగిన అక్రిలిక్ రంగులు అమెరికాలో 1950 దశకపు నడిమి సంవత్సరములలో విక్రయమునకు వచ్చినవి. ఇందు రంగుపొడిని పట్టియుంచునది నూనె గాదు, తుమ్మబంకయు గాదు. నీటిలో సన్నని కణములుగా తేలియుండు ప్లాస్టిక్ జాతి పదార్థము. నీరు ఆవిరియైన కొలదిని ఆ కణము లొండొంటితో కలిసి పొరగా నేర్పడును. ఆ పొర మరల నీటికి కరగదు. నీటిరంగును తడిపి కదుపవచ్చును. తైలవర్ణము దినముల తరబడి కుంచెకు లొంగియుండును. దీనికి రెండును చెల్లవు. కాని ఆరిన పొరపై వేరొక పొరను వెంటనే పూయవచ్చును, అడుగున నున్నది చెదరదు. మరియొక సంగతి. తడిగా నున్నపుడు ఆ జిగురు పాలవలె తెల్లనై యుండుటచే రంగు లేతగా కనబడి, ఆరిన పిమ్మట ముదురును.

చిత్తుపుస్తకమంతయు ఈ రంగుతో ఆమె పడిన పేచీయే. మొదటి చిత్రమున ఆకాశమును నారింజ నుండి నీలమునకు తెలియకుండ జారవిడువదలచినది. వేసవి మధ్యాహ్నము. కుంచె కడిగి వచ్చులోపల నారింజ ఆరిపోయినది. నీలము దానితో కలియక అంచుగా నిలిచినది. మరల ప్రయత్నించినను మరియొక అంచే. ఆకాశము చారలు పడినది. రెండవ చిత్రమున నీరు ఎక్కువగా కలిపి చూచినది. రంగు పలుచనై, జిగురు చాలక, ఆరిన తరువాత వ్రేలికి అంటినది. ఈ రెండు విఫలతలను ఆమె ఏ వ్యాఖ్యానమును లేక తేదీలతో వ్రాసినది. అటుపై నొక పుటలో ఒక కాగితపు పట్టీ అంటించియున్నది. దానిపై చిన్న చిన్న రంగుచుక్కలు. ఒక్కొక్కదాని ప్రక్కన ఏ రంగు ఎంత కలిపినదియు, తడిలో ఎట్లున్నదియు, ఆరిన తరువాత ఎట్లైనదియు. నూతిగోడ నాచురంగు నిన్నటి పూతతో నేడు కలియకపోవుటచే చేసికొన్న ఏర్పాటిది. ఈ పట్టీని మేము చాల సేపు చూచితిమి. పాఠభేదములను అడుగుపుటలో గుర్తించు పరిష్కర్త శ్రద్ధ యందున్నది.

మూడవ చిత్రమున ఆమె ఓటమి నంగీకరించినది. చారలను చారలుగనే ఉంచి, ఒక్కొక్కటి ఆరనిచ్చి, ప్రక్కదానిని గట్టి అంచుతో దించినది. ఆ నిర్ణయముతో ఆకాశము బరువెక్కినది. తీగపై బట్టలకును దానికిని పొత్తు కుదిరినది. అయిదింటిలో చిత్రమనదగినది మొదట ఇదియే.

ఇక శుద్ధప్రతిని చూతము. అందు వేసవి లేదు, ఆరిపోవుట లేదు, కాగితపు పట్టీ లేదు. ఆకాశపు చారలు స్త్రీ జీవితదశలకు సంకేతములనియు, గిలక కాలచక్రమనియు, నుయ్యి అంతశ్చేతన యనియు కలదు. చిత్తుప్రతిలోని పూత, పొర, పెచ్చు, అంచు, పలుచన, చిక్కన అను మాటలు మాయమై, వాని స్థానమున అస్తిత్వము, అంతస్సంఘర్షణ, అనుభూతిసాంద్రత వెలసినవి. (గ్రాంథికమును విడువలేకున్న మేము ఈ మాట యనుట వింతయే. ఐనను మేము పలుకునది తత్సమములను గూర్చి కాదు. తెలిసిన దానిని కప్పుటకై తెచ్చుకొన్న తత్సమములను గూర్చి.)

శుద్ధప్రతి అబద్ధమని మా తాత్పర్యము కాదు. పని ముగిసిన పిమ్మట దానిలో అర్థము తోచుట సహజము, అట్లు తోచిన అర్థము నిజమును కావచ్చును. దోషము వరుసయందున్నది. పిమ్మట తోచినది ముందే సంకల్పింపబడినట్లు వ్రాయబడినది. చార సంకేతమగుటకు పూర్వము ఎండ కారిన రంగు. ఆ మాటను తొలగించినచో పాఠకునకు చిత్రకర్త్రి బుద్ధి కనబడును గాని చేయి కనబడదు.

ఆమెను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. భావము ఉన్నతమనియు, సామగ్రి కూలివాని సంగతి యనియు ఆమెకు నేర్పినవారము మేమే. సాహిత్యశాఖలలో మేమును విద్యార్థులచే కవిహృదయమును వ్రాయింతుము గాని, కవి ఏ పదమును కొట్టివేసి ఏ పదమును ఉంచెనో వ్రాయింపము. మన శాస్త్రకారు లట్లు తలపలేదు. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము గోడను చిత్రమునకు సిద్ధపరచు విధమును విపులముగా చెప్పును. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున కూర్చిన మానసోల్లాసమున మహిషచర్మమును ఉడికించి వజ్రలేపమును చేయు పద్ధతి కలదు. రాజు జిగురును గూర్చి వ్రాయుటకు సంకోచింపలేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నేటికిని వస్త్రమును కరక్కాయతోను పాలతోను పదును చేసి, ఇనుమును బెల్లమును ఊరవేసిన నలుపుతో గీత గీయుదురు. వారిని పనిని గూర్చి అడిగినచో కరక్కాయతో మొదలుపెట్టుదురే గాని కాలచక్రముతో గాదు.

ఆ కలంకారీ గీతకును ఈ అక్రిలిక్ పూతకును ఒక భేదము మా వాదమునకు ముఖ్యము. కరక్కాయ పట్టిన గుడ్డపై నలుపు పడినదా, ఇక దిద్దుబాటుకు తావు లేదు. పనివాని సందేహమంతయు గీతకు ముందే ముగియవలెను. అక్రిలిక్ ఇందుకు విరుద్ధము. సందేహము చిత్రముపైననే జరుగును, ఒక పొర క్రింద నొక పొరగా నిలిచిపోవును. అనగా ఇట్టి చిత్రము తన చిత్తుప్రతిని తనలోనే దాచుకొన్నది. దానిని గూర్చిన వివరణము చిత్తును దాచినచో చిత్రము చెప్పుదానికే విరుద్ధముగా పలికినట్లగును.

నాలుగవ చిత్రము దీనికి సాక్ష్యము. తీగపై ఎఱ్ఱని చీర యొకటి ఆరుచున్నది. దగ్గరకు పోయి చూచినచో దాని కుడి అంచున దారమంత వెడల్పున పచ్చదనము కనబడును. చీర మొదట పచ్చనిది. దానిపై ఎఱుపు పూయబడినది. ఆ సన్నని పచ్చగీత వలన ఎఱుపు కదలుచున్నట్లును, గాలి వీచుచున్నట్లును తోచుచున్నది. ఈ అయిదు చిత్రములలో దీనిని మించిన చోటు లేదు. దీనిని గూర్చి రెండు ప్రతులలోను ఒక్క ముక్కయు లేదు. ఆమెనే అడిగితిమి. పూయునపుడు పొరపాటున మిగిలినదనియు, మరునాడు కప్పుటకు కుంచె తీసికొని, కప్పబుద్ధి గాక కడిగి పెట్టితిననియు చెప్పినది. కప్పబుద్ధి కాకపోవుటయే ఆమె కళ. అది శుద్ధప్రతికి ఎక్కలేదు సరే, చిత్తుప్రతికిని ఎక్కలేదు. ఇచ్చట మా పాఠపరిశోధన పద్ధతికి గూడ ఒక హద్దు కనబడినది.

అయిదవ చిత్రమును గూర్చి కఠినముగానే చెప్పవలసియున్నది. ఇది వివరణము వ్రాసిన తరువాత వేసినది. చిత్తుపుస్తకమున దీనికి ఒక్క పంక్తియు లేదు. ఆకాశమున చారలు సరిగా ఏడు. అంటుపట్టీ వేసి తీసినట్లు అంచులు తిన్ననివి. గిలక నడుమకు వచ్చినది, ఎవరును నీరు తోడలేనంత నిర్దుష్టమైన వృత్తముగా. వివరణములోని ప్రతి వాక్యమునకును ఇందొక బొమ్మ కలదు. మూడవ చిత్రమున రంగు ఆమెను ఎదిరించెను. ఇచ్చట ఎదిరించునది ఏదియు లేదు. పరీక్షకులు ఎక్కువగా మెచ్చుకొన్నది దీనినేయట.

ఈ రచనలను అచ్చొత్తించు సందర్భము వచ్చినచో చిత్తుపుస్తకమును మూలముగా నుంచి, శుద్ధప్రతిలోని వాక్యములను అడుగుపుటలో చూపుటయే యుక్తమని మా అభిప్రాయము. కాగితపు పట్టీని మాత్రము రంగులలో ముద్రింపవలెను. ఈ మాట చెప్పుటకు మేము మరల పోయినపుడు అయిదవ కాన్వాసు గోడపై లేదు. ఆమె దానిని నేలపై పరచి తెల్లని అడుగుపూత పూయుచుండెను. నాలుగు చారలు కప్పబడినవి, మూడింకను కనబడుచుండెను.