ఉరికంబమును ప్రశ్నించిన పుస్తకము

చదువరులారా, మరణశిక్ష ఎందుకని అడిగినయెడల, ఒకని ఉరితీసిన పదిమంది భయపడుదురను జవాబే తరచుగా వినబడును. ఆ జవాబును పరీక్షించిన పుస్తకమొకటి 1764లో ఇటలీదేశపు లివోర్నో పట్టణమున అచ్చుపడెను. ‘నేరములు, శిక్షలు’ అనునది దాని పేరు. వ్రాసినవాడు మిలాను పట్టణస్థుడగు చేజరె బెక్కరియా, అప్పటికి 26 ఏండ్లవాడు. మొదట తన పేరైనను పెట్టలేదు. 1766లో రోమను కథోలిక సంఘము దానిని నిషిద్ధ గ్రంథముల పట్టికలో చేర్చెను.

ఆ కాలము ఎట్టిదో తలంచుడి. 1762లో ఫ్రాన్సుదేశపు తులూజు పట్టణమున జాన్ కాలా అను ప్రొటెస్టంటు బట్టల వర్తకుని, కుమారుని చంపెనను నేరము మోపి, చక్రముమీద ఎముకలు విరుగగొట్టి చంపిరి. 1765లో అతడు నిర్దోషియని తీర్పు వచ్చెను. తీర్పు వచ్చెను గాని మనుష్యుడు రాలేదు. ఇంగ్లండులోనైతే షిల్లింగుకు మించిన సొమ్ము జేబునుండి దొంగిలించినవానికి 1808 వరకు చట్టప్రకారము ఉరియే.

బెక్కరియా వాదమందు బలమైన భాగమిది: నేరమును ఆపునది శిక్షయొక్క క్రూరత్వము కాదు, శిక్ష తప్పదను నిశ్చయము. పొలముగల మీకిది సులభముగా తెలియును. కంచె ఎంత ఎత్తున్నను సందున్నయెడల పశువు చేనిలో పడును. నరహత్య కూడదను చట్టమే బహిరంగముగా నరుని చంపుట విపరీతమనియు ఆయన వ్రాసెను. తన ప్రాణమును తీయు అధికారమును ఏ మనుష్యుడును ప్రభుత్వమునకు ఇచ్చియుండడను వాదము మాత్రము నాకంత గట్టిగా తోచలేదు. అది న్యాయవాది నేర్పు.

అయితే ఉరికి బదులుగా ఆయన కోరినదేమి? జీవితాంతము గొలుసులతో, అందరు చూచుచుండగా, కాడికట్టిన ఎద్దువలె చాకిరి. అది మరణముకంటె ఎక్కువ భయము పుట్టించునని ఆయన మెచ్చుకొనెను. ఇక్కడ నాకు పుస్తకముతో పేచీ. దోషి చేనిలోని దిష్టిబొమ్మయా? వాడు మారునా, మారిన పిమ్మట వానిని ఏమి చేయవలెను అను ప్రశ్న ఆయనకు ముఖ్యము కాలేదు. శిక్షలు మృదువుగానున్నచోట క్షమాభిక్షయే అక్కరలేదని కూడ వ్రాసెను!

మన సంఘములలో ఆదికాండము తొమ్మిదవ అధ్యాయమును చూపి ఉరిని సమర్థించు సహోదరులున్నారు. వారు నాలుగవ అధ్యాయమున కయీనుకు వేయబడిన గురుతునుగూర్చియు చెప్పవలెను. ద్వితీయోపదేశకాండము పదునేడవ అధ్యాయమైతే ఒక్క సాక్షి మాటమీద ఎవనిని చంపనియ్యదు. పైగా సాక్షుల చేతులే మొదట వానిమీద పడవలెననును. నేడు సాక్ష్యమిచ్చినవాడు ఇంటికి పోవును, తలారి జీతమునకు పనిచేయును.

1786లో తొస్కనా ప్రభువగు లియోపోల్డు మరణశిక్షను కొట్టివేసెను. బెక్కరియా మాత్రము ఒక వాకిలి తెరచియే యుంచెను: రాజ్యము కలతలలోనున్నప్పుడు, బంధింపబడియు అపాయకరుడైనవానిని చంపవచ్చునట. మన సుప్రీంకోర్టు 1980లో బచ్చన్ సింగు వ్యాజ్యెమున, అరుదైనవాటిలోకెల్ల అరుదైన నేరమునకే మరణశిక్షయని చెప్పినది. ఆ అరుదును కొలుచు కొలబద్ద న్యాయాధిపతినిబట్టి మారునని, ఆ ధర్మాసనమందే కూర్చున్న జస్టిస్ భగవతి ఒప్పుకొనలేదు.