కమాన్ కింద నలభై ఫొటోలు

పోయిన ఆదివారం పొద్దున ఏడింటికి మా మేనకోడలిని చార్మినార్‌కి తీసుకెళ్లాను. చేతిలో కొత్త కెమెరా. "ఇవాళ 36 ఫొటోలే తియ్యాలి" అని ముందే షరతు పెట్టాను. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా 36 లెక్క కొత్త కాదు. రీలుకి 36 ఫొటోలే పట్టే కాలం నాటి పొదుపే ఫొటో నేర్పుతుందని చాలాసార్లు రాశాను.

గుల్జార్ హౌజ్ దాటి, చార్‌కమాన్‌లో దక్షిణపు కమాన్ కింద ఆగాం. ఎదురుగా 1591 నాటి చార్మినార్, ఎడమ నుంచి లేత ఎండ. మొదటి ఫొటోలో కమాన్ లోపలి గోడలు చక్కగా కనిపించాయి, మినార్లు మాత్రం వెలిసిపోయాయి. "ఎండలో ఉన్నదే తెల్లబోయింది మామయ్యా!" అంది. ఫ్రేములో చీకటి ఎక్కువ. కెమెరా మొత్తాన్ని సగటు బూడిదరంగుకి లాగాలని చూస్తుంది కాబట్టి చీకటిని పైకెత్తి, వెలుగును పాడుచేసింది.

ఇలాంటి తప్పే నేనూ చేశాను, ఊళ్లో తిరునాళ్లలో. సూర్యుడు వాళ్ల వెనక ఉండగా రీలంతా మనుషుల్ని తీశాను. కడిగించడానికి డబ్బులు కూడేసరికి పది రోజులు పట్టింది. ప్రింట్లలో ఒక్క ముఖమూ తేలలేదు. ఏ ఫొటోకి ఎంత స్పీడు పెట్టానో అప్పటికి గుర్తే లేదు. స్టూడియో మాస్టారు జాలిపడి, అరచేతిని ఎండలో పెట్టి మీటరు చూసి, దానికి ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వమన్నారు. ఆ మాట సరిచూసుకోవడానికి ఇంకో రీలు కావాలి. అది ఆరు నెలలకు గానీ దొరకలేదు.

ఆ అరచేతి కిటుకే ఈ పిల్లకి చెప్పాను. కమాన్ బయటికెళ్లి ఎండలో చెయ్యి చాపింది. 100 ఐఎస్ఓ, ఎఫ్8, 1/250. మినార్లు రంగు తిరిగాయి, కమాన్ నల్లటి చట్రమైపోయింది. ఆ తర్వాత అక్కడే నలభై తీసింది. ఆపబోయి, తెర చూసి ఆగాను. అర స్టాప్ తగ్గించి ఒకటి. కరెంటు తీగ కనపడకుండా ఒక అడుగు పక్కకి జరిగి ఇంకొకటి. మినార్ల కొసలు కమాన్ వంపులో ఇమిడేలా మోకాలి మీద కూర్చుని మరొకటి. అరటిపళ్ల బండి సరిగ్గా నడిమికి వచ్చేదాకా ఆగి తీసినవి నాలుగు. ఒక్కటీ వృథాగా నొక్కలేదు.

నాకు తప్పుకీ దాని కారణానికీ మధ్య పది రోజుల ఎడం. తనకి రెప్పపాటు. నేను ఇన్నేళ్లూ క్రమశిక్షణ అని పొగిడింది జేబులో డబ్బు లేకపోవడాన్నే. నాతో మొదలుపెట్టి ఆ ఖర్చుకి భయపడి కెమెరా అటకెక్కించిన స్నేహితులు ముగ్గురున్నారు. 36 లెక్కని వెనక్కి తీసుకుంటున్నాను.

"ఎండ ఇంకాస్త పైకొచ్చాక మళ్లీ తీద్దాం మామయ్యా" అంది. ఈలోగా ఇరానీ చాయ్‌కి నడిచాం.