చచ్చిన చెట్టు దగ్గరే ఉంది చరిత్ర

టాస్మేనియాలోని హోబార్ట్ వెళ్లొచ్చిన మిత్రుడొకరు ఈ వారం హ్యువాన్ పైన్ చెక్క గిన్నె తెచ్చిచ్చారు. తేనె రంగు, ఘాటైన నూనె వాసన. అడుగున చీటీ: 'బతికున్న చెట్టును కొట్టలేదు, అడవిలో పడి ఉన్న పాత దుంగతో చేశాం.' పచ్చని చెట్టు మీద గొడ్డలి పడకూడదన్నది ఈ కాలమ్‌లో నా పాత పాటే. చీటీ చూసి మురిసిపోయాను.

గిన్నె అంచున కంటికి ఆనని సన్న గీతలు, ఏడాదికి ఒకటి. ఈ చెట్టు లావు ఏడాదికి సుమారు మిల్లీమీటరే పెరుగుతుంది.

చిన్నప్పుడు రాజమండ్రిలో మా పెదనాన్నగారి టింబరు డిపోలో ఒక ముసలి వడ్రంగి ఉండేవాడు. టేకు దుంగ కోసిన ముఖాన నీళ్లు చల్లి, బొటనవేలితో గీతలు తడిమేవాడు. ఇరుకు గీతలు దగ్గరగా పడితే, 'ఇక్కడ వానల్లేవు బాబూ' అనేవాడు. వెంటనే పక్క దుంగలోనూ ఆ ఇరుకు ఉందా అని వెతికేవాడు. లేకపోతే తన మాట తనే వెనక్కి తీసుకునేవాడు. ఆ చెట్టుకు తెగులు పట్టిందో, పక్క చెట్టు నీడ కమ్మిందో! ఒంటి చెట్టు సాక్ష్యం చెల్లదు. వలయాల శాస్త్రానికి ప్రాణం గీతలు లెక్కపెట్టడం కాదు, ఇలా చెట్టుకు చెట్టును సరిపోల్చడమే. ఒక్కో గడ్డు ఏడాది చెట్టు గీతే వేయదు. ఆ లోటు పక్క చెట్టు పట్టిస్తుంది.

ఆస్ట్రేలియాలో ఈ పని కష్టం. చాలా యూకలిప్టస్‌లకు ఏడాదికో నమ్మదగ్గ గీత ఉండదు. అందుకే టాస్మేనియా పైన్‌లకు అంత విలువ. అక్కడి మౌంట్ రీడ్ మీద ఎండాకాలం వెచ్చగా ఉంటే హ్యువాన్ పైన్ గీత వెడల్పవుతుంది. 1991లో వలయాల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కుక్ బృందం అక్కడి 1089 ఏళ్ల వలయాల వరుస ప్రకటించింది. ఏడు వందల ఏళ్లు దాటిన చెట్లు 1965 నుంచి అసాధారణంగా వేగం పుంజుకున్నాయని తేల్చింది. ఈ గీతలు చదవడానికి చెట్టు కొట్టక్కర్లేదు; బరమాతో పెన్సిల్ కన్నా సన్నటి పుల్ల తీస్తే చాలు, చెట్టు బతికే ఉంటుంది.

తర్వాత ఆ వరుస మూడున్నర వేల ఏళ్లు దాటింది. అంత వెనక్కి తీసుకెళ్లింది బతికున్న చెట్లు కావు, నూనె వల్ల కుళ్లకుండా మిగిలిన చచ్చిన దుంగలు. ఇన్నాళ్లూ పచ్చని చెట్టు కోసమే గొంతు చించుకున్నాను. ఎండు దుంగను ఎవరికీ అక్కరలేనిదిగా వదిలేశాను. ఇకపై నా వాదన ఇది: లేత్ ఎక్కించే ముందు ప్రతి పాత దుంగ నుంచీ ఒక బిళ్ల కోసి పరిశోధకులకు ఇవ్వాలి. 2016 జనవరి పిడుగుల మంటల్లో టాస్మేనియా సెంట్రల్ ప్లాటోలో మాడిపోయిన పెన్సిల్ పైన్‌లకూ ఇదే వర్తిస్తుంది. అవి మళ్లీ చిగురించవు, కానీ మోడుల్లో గీతలున్నాయి. ఇంకో మంట రాకముందే బరమా పట్టుకుని అక్కడికి మనుషులు వెళ్లాలి.