తెర వెనక గుమాస్తా

హెర్మన్ మెల్విల్ రాసిన ‘బార్టిల్‌బీ’ కథను గురించి మన మిత్రుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. మానవుని ఒంటరితనాన్ని చిత్రించిన గొప్ప తాత్త్విక కథ అని కొందరంటారు. మరికొందరు, వీరిలో నేను గౌరవించే ఉపాధ్యాయులు కూడా వున్నారు, పోరాడకుండా గోడకేసి చూస్తూ చచ్చిపోయినవాడి కథ మనకెందుకని తోసేస్తారు. రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయని నా అభిప్రాయం. ఇద్దరూ బార్టిల్‌బీనే చూస్తున్నారు గాని, అతను పనిచేసిన ఆఫీసును చూడటం లేదు.

కథ 1853 నవంబరు, డిసెంబరు నెలల్లో పట్నమ్స్ మంత్లీ అనే న్యూయార్కు పత్రికలో రచయిత పేరు లేకుండా వచ్చింది. చెప్పేవాడు వాల్ స్ట్రీటులోని ఒక ముసలి వకీలు. జూరీ ముందు నిలబడి వాదించే రకం కాదు. ధనికుల బాండ్లూ, తనఖా పత్రాలూ, హక్కు దస్తావేజులూ చూసుకుంటూ గదిలో చల్లగా కూర్చునే మనిషి. అతని దగ్గర నకళ్ళు రాసే గుమాస్తాలిద్దరు, టర్కీ, నిప్పర్స్. పనులకు తిరిగే పన్నెండేళ్ళ కుర్రాడు జింజర్ నట్. మూడూ వాళ్ళు ఒకరికొకరు పెట్టుకున్న మారుపేర్లే. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు ఆ వకీలు మనకు చెప్పడు. చెప్పాలని అతనికి తోచనూ లేదు.

నకలుకు కూలి నూరు మాటలకు నాలుగు సెంట్లు. అంటే ఒక్క డాలరు కళ్ళజూడాలంటే రెండువేల అయిదువందల మాటలు రాయాలి. కుర్రాడి జీతం వారానికి ఒక డాలరు. నిప్పర్స్‌కు తన బల్ల ఎత్తు ఎప్పుడూ సరిపోదు. కింద చెక్కముక్కలు పెడతాడు, తీస్తాడు. ఎత్తుచేస్తే చేతులు తిమ్మిరెక్కుతాయి, దించితే నడుము పట్టేస్తుంది. దీనికి వకీలు చెప్పే కారణం అజీర్ణం! రోజంతా వంగి రాసేవాడి నడుమునొప్పికి కారణం వాడి కడుపులో వుందట. టర్కీ అరవయ్యేళ్ళవాడు. మధ్యాహ్నం దాటితే చేయి నిలవదు, కాగితంమీద సిరా మరకలు. మధ్యాహ్నాలు ఇంటికి పోయి విశ్రాంతి తీసుకోమని వకీలు మెత్తగా సలహా ఇస్తాడు. ముసలివాడు ఒప్పుకోడు, వయసు చూపించి దయతలచమంటాడు. ఎందుకు ఒప్పుకోడో కథ చెప్పదు. సగం పూట పని అంటే సగం కూలి అని టర్కీకి తెలిసివుండాలి. ఒకసారి వకీలు తన పాత కోటు టర్కీకి ఇచ్చాడు. కోటు తొడుక్కున్నాక వాడికి పొగరెక్కిందని ఫిర్యాదు! మేపు ఎక్కువైన గుర్రంతో పోలుస్తాడు.

యీ వకీలు దుర్మార్గుడు కాడు. కేకలెయ్యడు, కొట్టడు, నెల తిరిగితే కూలి ఎగ్గొట్టడు. మెల్విల్ గొప్పతనం ఇక్కడే వుందనుకుంటాను. క్రూరుడైన యజమానిని సృష్టించి వుంటే, ఆ ఒక్కడు పోతే ఆఫీసు బాగుపడుతుందని మనం తృప్తిపడేవాళ్ళం. బార్టిల్‌బీని చూసి జాలిపడేటప్పుడు కూడా యీ పెద్దమనిషి లెక్క వేసుకుంటాడు: వీణ్ణి భరించటానికి ఖర్చేమంత కాదు, అంతరాత్మకు తీపి మాత్రం మిగులుతుంది. తనకు దక్కిన చాన్సరీ పదవి న్యూయార్కు కొత్త రాజ్యాంగం మూలాన రద్దయినప్పుడు మాత్రం అతనికి నిజంగా కోపమొస్తుంది. ఎందుకంటే జన్మాంతం వస్తుందనుకున్న ఆదాయం అది.

మెల్విల్‌కు యీ లోకం ఇంటి సంగతే. అన్నగారు గాన్సెవోర్ట్, తమ్ముడు అలన్ న్యూయార్కులో వకీళ్ళు. 1847లో పెళ్ళాడింది మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయల్ షా కుమార్తెను. యీ షా 1842లో రెండు తీర్పులు చెప్పాడు. ఒకదాంట్లో, కార్మికులు సంఘం పెట్టుకోవటం దానంతటది కుట్ర కాదన్నాడు. రెండోదాంట్లో, తోటి ఉద్యోగి అజాగ్రత్తవల్ల రైలు పట్టాలు తప్పి కుడిచెయ్యి పోగొట్టుకున్న ఇంజను డ్రైవరుకు కంపెనీ నష్టపరిహారం ఇవ్వనక్కరలేదన్నాడు. ప్రమాదం తెలిసే పనిలో చేరాడు, దాని ధర జీతంలోనే కలిసివుంది అని వాదన. యీ రెండో తీర్పు మనసులో పెట్టుకుని కథలో ఒక చిన్న ఘట్టం చూడండి. గోడకెదురుగా వున్న కిటికీ దగ్గర, వెలుతురు చాలని మూల రాసి రాసి బార్టిల్‌బీ కళ్ళు మసకబారతాయి. వకీలు సానుభూతి చూపిస్తాడు. ఆరుబయట కాస్త వ్యాయామం చెయ్యమంటాడు.

నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. చదువు పూర్తయిన కొత్తలో హైదరాబాదులో ఒక పెద్ద వకీళ్ళ సంస్థలో రెండేళ్ళు జూనియరుగా వున్నాను. పేరు అనవసరం. బార్టిల్‌బీ బల్లను వకీలు పచ్చని మడత తెర వెనక పెట్టించాడు: మనిషి కంటికి కనిపించకూడదు, పిలిస్తే పలకాలి. మాకు తెర బదులు అద్దాల గది. రాత్రి పదకొండింటికి ఫోనులో కబురు వచ్చేది. పొద్దున్న తొమ్మిదికి ఒప్పందం ముసాయిదా బల్లమీద వుండాలి. మా సీనియరుగారూ కేకలెయ్యరు. ‘నాన్నా’ అని పిలిచేవారు. మా నలుగురిలో ఒకమ్మాయి ఇకమీదట ఆదివారాలు రానని చెప్పింది. గొడవేమీ జరగలేదు. ఆమె చెయ్యని పని మిగతా ముగ్గురికీ పంచారు. రెండు వారాలయ్యాక సీనియరుగారు మమ్మల్ని లోపలికి పిలిచి, ‘మీరే చెప్పండర్రా, ఇది న్యాయమా?’ అని అడిగారు. న్యాయం కాదని నేనే ముందు అన్నాను. నన్నెవరూ బెదిరించలేదు. నెల తిరక్కుండా ఆమె మానేసింది. నేను ‘బార్టిల్‌బీ’ని రెండోసారి చదివింది ఆ తర్వాతనే.

రెండోసారి చదివినప్పుడు నాకు కనిపించిన ఘట్టం ఇది. చేరిన మూడోనాడు, నకలు సరిచూడటానికి రమ్మంటే బార్టిల్‌బీ తనకిష్టం లేదంటాడు. కొద్దిరోజుల తర్వాత మళ్ళీ అదే మాట అంటే, వకీలు అతన్ని పంపెయ్యడు. మిగతావాళ్ళ అభిప్రాయం అడుగుతాడు. టర్కీ వినయంగా యజమానిని సమర్థిస్తాడు. నిప్పర్స్ తన్ని వెళ్ళగొట్టమంటాడు. కుర్రాడు నవ్వుతూ, కొంచెం పిచ్చి వున్నట్టుందంటాడు. మరోసారి మధ్యాహ్నంపూట అడిగితే టర్కీ పిడికిళ్ళు బిగించి లేస్తాడు. నిప్పర్స్ మాత్రం ఒక నిజం అంటాడు: ఇది నాకూ టర్కీకీ అన్యాయమని. అక్షరాలా నిజం. బార్టిల్‌బీ వద్దన్న సరిచూసే పని వాళ్ళిద్దరి నెత్తినా పడింది, అది వాళ్ళ చురుకుదనానికి మెచ్చుకోలన్నట్టు చెబుతాడు వకీలు. దానికి వేరే కూలి మాట ఎక్కడా రాదు. అన్యాయం ఎవరు చేశారన్న దగ్గరే నిప్పర్స్ దారి తప్పాడు. పని పంచినవాడు తెర ఇవతల కూర్చున్నాడు. కోపం తెర అవతలికి పోయింది.

అంతకన్న విచిత్రం మరొకటి. ‘ఇష్టం’ అనే బార్టిల్‌బీ మాట అందరికీ అంటుకుంటుంది. వకీలుకూ, నిప్పర్స్‌కూ, చివరకు నేనా మాట వాడనే వాడనంటూనే టర్కీకీ! అంటుకున్నది మాటే, చెయ్యి మాత్రం నకలు రాస్తూనే వుంది. ఆ మూడు నోళ్ళనుంచీ ఆ మాట ఒకేసారి, తెలిసి వచ్చి వుంటే కథ వేరే అయ్యేది. 1974లో లూయీజ్ బార్నెట్ బార్టిల్‌బీని పరాయీకరణకు లోనైన కార్మికుడుగా చదివింది. 2011లో వాల్ స్ట్రీటును ఆక్రమించిన యువకులు అతన్ని తమవాడన్నారు. నాకు రెండూ సమ్మతమే. అయితే టర్కీని తమవాడన్నవారు ఎవరూ కనపడలేదు. నాకు టర్కీ అంటేనే దిగులు.

నూరు మాటలకు నాలుగు సెంట్ల లెక్క పోయిందనుకోవద్దు. 1958లో అమెరికన్ బార్ అసోసియేషన్ వకీళ్ళకు గంటల లెక్క రాసుకోమని ఒక కరపత్రంలో బోధించింది. ఏడాదికి సుమారు 1300 గంటలు క్లయింటుకు లెక్కకట్టగలిగితే చాలన్నది. తర్వాత తర్వాత అక్కడి పెద్ద సంస్థలు 1900, 2000 అడగసాగాయి. గంటను ఆరేసి నిమిషాల ముక్కలుగా కోస్తారు. 2000 అంటే ఏడాదికి యాభై వారాలు, వారానికి నలభై గంటలు. భోజనం, చదువు, ఎదురుచూపు లెక్కలోకి రావు. మన దేశంలో జూనియర్ల పరిస్థితి ఎట్లా వుందంటే, పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలైనా ఇవ్వండని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లకు చెప్పవలసి వచ్చింది. అదైనా సిఫారసే, శాసనం కాదు.

కథ చివర వకీలు ఒక వదంతి చెబుతాడు. బార్టిల్‌బీ పూర్వం వాషింగ్టన్‌లో, చిరునామాదారులకు చేరని ఉత్తరాలను తగలబెట్టే ఆఫీసులో పనిచేశాడట. ప్రభుత్వం మారగానే ఉద్యోగం ఊడిందట. విమర్శకులు యీ ఉత్తరాల దగ్గర కన్నీరు కారుస్తారు. నాకు ఇందులో వకీలు తెలివే కనిపిస్తుంది. జబ్బు వెనకటి ఆఫీసులో అంటుకున్నదని తేలితే తన ఆఫీసు శుభ్రం.

గుమాస్తాను వదిలించుకోలేక వకీలు ఆఫీసే మార్చేస్తాడు. పాత భవనంలో బార్టిల్‌బీ మెట్లమీద మిగిలిపోతాడు. తన పేరు బయటికొస్తుందేమోనన్న భయంతో వకీలు, వ్యవహారాలు నిప్పర్స్‌కు అప్పగించి, కొన్నాళ్ళు బండి కట్టించుకుని ఊరి శివార్లలో తిరుగుతాడు. తిరిగొచ్చేసరికి బల్లమీద ఇంటి యజమాని చీటీ. బార్టిల్‌బీని దేశదిమ్మరి కింద టూంబ్స్ జైలుకు పంపేశారు. అక్కడికి వెళ్ళి చూసింది వకీలొక్కడే. ఆ చీటీ వచ్చేనాటికి ఆఫీసు నిప్పర్స్ చేతిలోనే వుండి వుండాలి. అతను దాన్ని విప్పి చదివాడో లేదో కథలో లేదు.