గుండెకు పగ్గం

నిమిషానికి 72. బడిలో బట్టీపట్టిన ఈ అంకె ఇప్పుడు చేతి గడియారంలోకి ఎక్కింది. తెర మీద 68 కనిపిస్తే హమ్మయ్య అనుకుంటాం. 90 దాటితే కంగారు పడతాం, ఆ కంగారుకే ఇంకో నాలుగు పెరుగుతాయి. రోజుకు పదిసార్లు గుండెను లెక్కపెట్టుకునే ఈ కొత్త అలవాటు వెనుక ఒక పాత ఊహ ఉంది. గుండెను దాని మానాన వదిలేస్తే నెమ్మదిగానే కొట్టుకుంటుందని, భయమో కోపమో వచ్చి అదిలిస్తేనే పరుగందుకుంటుందని. మన మాటలూ అదే చెబుతాయి. హడలిపోయినవాడి గుండెల్లో రైళ్లు పరిగెడతాయి, నిబ్బరంగా ఉన్నవాడి గుండెలో ఏమీ జరగనట్టే లెక్క. సినిమా సమీక్షల నుంచి క్రికెట్ వార్తల దాకా అడ్రినలిన్ కథానాయకుడు, ప్రశాంతత ఖాళీ రంగస్థలం. శరీరశాస్త్రం చూపించే బొమ్మ దీనికి తలకిందులుగా ఉంటుంది. కూర్చుని ఉన్న మనిషి గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందంటే ఎవరో పగ్గం బిగించి పట్టుకున్నారని అర్థం. నెమ్మది గుండె స్వభావం కాదు, దాని వెనుక క్షణం తీరికలేని పని ఒకటి నడుస్తోంది. గడియారం చూసుకునేవాళ్లూ ప్రాణాయామం చేసేవాళ్లూ ముందుగా తెలుసుకోవాల్సింది ఇదేనని నా వాదన.

గుండె కుడివైపు పై గదిలో, పై నుంచి వచ్చే పెద్ద సిర కలిసేచోట, సైనోఏట్రియల్ నోడ్ అనే చిన్న కణాల ముద్ద ఉంది. ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ 1907లో దాన్ని గుర్తించారు. మెదడు చెప్పినా చెప్పకపోయినా ఈ ముద్ద తనంతట తాను విద్యుత్ తాళం వేస్తూనే ఉంటుంది. మరి దాని సొంత వేగం ఎంత? 1970లో జోస్, కాలిసన్ ఆరోగ్యవంతుల్లో ఈ లెక్క తేల్చారు. గుండెను నిదానింపజేసే వేగస్ నరం మాట వినపడకుండా అట్రోపిన్, ఉరికించే అడ్రినలిన్ మాట వినపడకుండా ప్రొప్రనోలోల్ ఇచ్చి చూశారు. వాళ్ల సూత్రం ప్రకారం ఇరవై ఏళ్లవారి గుండె అప్పుడు నిమిషానికి సుమారు 107 సార్లు, అరవై ఏళ్లవారిది సుమారు 84 సార్లు కొట్టుకుంటుంది. రెండు చేతులూ వదిలేస్తే బండి వేగం పెరిగిందంటే, విశ్రాంతిలో ఉన్నప్పుడు లాగి పట్టిన చేయిదే పైచేయి అన్నమాట. గుండె మార్పిడి చేయించుకున్నవారిలో మందుల అవసరం లేకుండానే ఈ సంగతి తెలుస్తుంది. రాజమండ్రిలో పుట్టిన సర్జన్ వేణుగోపాల్ 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో మన దేశపు తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేశారు. అలా అమర్చిన ఏ గుండెకైనా నరాలు తెగిపోయి ఉంటాయి. అందుకే ఆ మనిషి హాయిగా పడుకుని ఉన్నా అది 90కీ 110కీ మధ్య కొట్టుకుంటుంది. అతనికి ఆందోళన ఏమీ లేదు, పగ్గం తెగిందంతే.

ఆ పగ్గం ఎలా పనిచేస్తుందన్నది ఒకప్పుడు పెద్ద చిక్కుముడి. వేగస్ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె నిదానిస్తుందని, ఆగిపోనూవచ్చని జర్మనీకి చెందిన వెబర్ సోదరులు 1845లోనే చూపించారు. నరమంటే పని చేయించేదే అనుకున్న ఆ రోజుల్లో, పని మాన్పించే నరం కూడా ఉంటుందన్న మాట వింతగా తోచింది. మాన్పించేది విద్యుత్తా, రసాయనమా అన్న ప్రశ్నకు 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్జ్‌లో ఆటో లూవీ జవాబు చెప్పారు. ఒక కప్ప గుండెకు వేగస్ నరాన్ని ప్రేరేపించి నిదానింపజేసి, ఆ గుండెలోని ద్రవాన్ని తీసి రెండో కప్ప గుండెకు అందించారు. ఏ నరమూ తాకని ఆ రెండో గుండె కూడా నిదానించింది. నీళ్లలో కరిగి వచ్చిన ఆ కబురు పేరే అసిటైల్‌కోలిన్. 1936లో లూవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఒక నరం మరో కణంతో రసాయనాల ద్వారా మాట్లాడుతుందన్న ఆలోచనకు ఈ ప్రయోగం గట్టి పునాది వేసింది. అది నిలబడింది గుండెను ఉరికించే రసాయనం మీద కాక, ఊరుకోబెట్టే రసాయనం మీద అన్నది మనం తరచు మరిచిపోతాం.

అడ్రినలిన్ మాటేమిటి, పరుగెత్తేటప్పుడు 150 దాటించేది అదే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అంత ఎత్తుకు వేగస్ పట్టు సడలితే సరిపోదు. గుండెను ఉరికించే సింపథెటిక్ నరాల చివర్ల నుంచి నార్‌అడ్రినలిన్, మూత్రపిండాల మీది గ్రంథుల నుంచి అడ్రినలిన్ రావాల్సిందే. కానీ ఎవరు ముందు వస్తారో చూడాలి. అసిటైల్‌కోలిన్ నోడ్ కణాల పొటాషియం ద్వారాలను దాదాపు నేరుగా తెరిపిస్తుంది, అందుకే ఒక్క స్పందన వ్యవధిలోనే దాని ప్రభావం కనిపిస్తుంది. పక్కనే ఉన్న ఎంజైము దాన్ని వెంటనే తుడిచేస్తుంది కూడా. అడ్రినలిన్ దారి సుదీర్ఘం. అది కణం పైపొరను తాకాలి, లోపల ఏటీపీ అనే ఇంధన అణువు నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనం తయారవ్వాలి, అది వెళ్లి ద్వారాలను కదిలించాలి. ఈ దారి పూర్తి ప్రభావం చూపేసరికి పది ఇరవై సెకన్లు గడిచిపోతాయి. కాబట్టి కుర్చీలోంచి లేచినప్పుడు, మెట్లు ఎక్కడం మొదలుపెట్టినప్పుడు గుండె వెంటనే అందుకునే ఆ తొలి వేగం చాలావరకు పగ్గం వదలడం వల్ల వచ్చిందే. కొరడా తర్వాత వస్తుంది. నరాలు తెగిన మార్పిడి గుండె రక్తంలో వచ్చే అడ్రినలిన్ కోసం కాచుకుని, నిమిషాల మీద మెల్లగా వేగం పెంచుకోవడమే ఇందుకు సాక్ష్యం. ఇక థైరాయిడ్ హార్మోను వీటన్నిటికంటే నిదానస్తుడు. అది రోజులూ వారాల మీద గుండె కణాల తీరునే మార్చేస్తుంది. ఆ హార్మోను ఎక్కువైనవారికి నిద్రలోనూ దడ తగ్గకపోవడానికి కారణం అదే. అలాంటి దడను మనసు కుదురుగా లేదనుకుని సర్దిచెప్పుకోవడం పొరపాటు.

ఈ పగ్గాన్ని మనం పట్టుకోగలమా? సూటిగా పట్టుకోలేం. ‘నెమ్మదించు’ అంటే వినే అవయవం కాదది. కానీ ఊపిరి తీసినప్పుడు గుండె కాస్త వేగం పుంజుకోవడం, వదిలినప్పుడు తగ్గడం 1847లోనే కార్ల్ లూడ్విగ్ గమనించారు. శ్వాస లోపలికి వెళ్లేటప్పుడు వేగస్ పట్టు సడలుతుంది, బయటికి వచ్చేటప్పుడు బిగుస్తుంది. శ్వాస మన చేతిలో ఉంది కనుక, ఆ దారిన పగ్గం కొస కొంత అందుతుంది. 2001లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 23 మందితో ఒకసారి లాటిన్ జపమాల ప్రార్థన, మరోసారి ‘ఓం మణి పద్మే’ మంత్రం చదివించింది. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి దాదాపు ఆరుకు దిగింది, స్పందనల మధ్య హెచ్చుతగ్గులు స్పష్టమయ్యాయి, రక్తపోటును సర్దే ప్రతిచర్య చురుకైంది. భాష వేరు, దేవుడు వేరు, లయ మాత్రం ఒకటే. ప్రాణాయామంలో నిశ్వాసాన్ని సాగదీయమని చెప్పే గురువు, తెలిసో తెలియకో, వేగస్‌కు కసరత్తు చేయిస్తున్నాడు.

ఇంత చెప్పగానే, యోగులు గుండెను ఆపేస్తారన్న మాట నిజమేనన్నమాట అని ఉత్సాహపడేవాళ్లు ఉంటారు. వెంగర్, బాగ్చీ, ఆనంద్ మన దేశంలోనే అలాంటి యోగులను పరీక్షించి 1961లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరి బిగబట్టి, ఛాతీ, పొట్ట కండరాలను బిగిస్తే సిరల నుంచి గుండెకు చేరే రక్తం తగ్గిపోతుంది. మణికట్టు దగ్గర నాడి అందదు, స్టెతస్కోపుకు చప్పుడు వినిపించదు. ఈసీజీ గీతలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. ఇది తెలియడం వల్ల యోగ సాధనకు వచ్చిన లోటేమీ లేదు. చేతికి అందేది పగ్గం కొస మాత్రమేనని తెలిస్తే, బీపీ మాత్రలు మానేసి ముక్కు పట్టుకుని కూర్చునే ప్రమాదమైనా తప్పుతుంది.

పగ్గం ఎంత బిగిస్తే అంత మంచిదా అన్నది ఇంకా బరువైన ప్రశ్న. దీనికి జవాబు తెలుగు నేల మీది ఆసుపత్రులకు బాగా తెలుసు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి వెళితే, అసిటైల్‌కోలిన్‌ను తుడిచేసే ఎంజైము పడిపోతుంది. ఆ రసాయనం పేరుకుపోయి గుండె కుంగుతుంది, ఊపిరితిత్తుల్లో నీరూరుతుంది, ప్రాణం పోతుంది. డ్యూటీ డాక్టరు ఎక్కించే విరుగుడు అట్రోపిన్. ఛాతీలో నెమ్ము తగ్గిందా, గుండె 80 దాటిందా అని చూస్తూ మోతాదు పెంచుతారు. మన కంచెల్లో పెరిగే ఉమ్మెత్తలోనూ ఈ అట్రోపిన్ ఉంటుంది. ఉమ్మెత్త తిన్నవాడికి పిచ్చెత్తడం అందరూ చెప్పుకుంటారు, అదే మనిషి గుండె అదుపు తప్పి ఉరకడాన్ని చెప్పుకోరు. ఒకటి పగ్గాన్ని ఉరితాడు చేస్తుంది, మరొకటి కోసేస్తుంది. రక్తం చూడగానే కళ్లు తిరిగి పడిపోయేవాడిలోనూ తరచు వేగస్ ఒక్కసారిగా అతిగా లాగుతుంది. కాబట్టి తక్కువ అంకెను ఆరోగ్య పత్రంగా చూడకూడదు. వ్యాయామం చేసేవారి 50 కూడా పూర్తిగా వేగస్ ఘనత కాకపోవచ్చు. 2014లో మాంచెస్టర్ పరిశోధకులు ఎలుకలతో కసరత్తు చేయించి చూస్తే, నోడ్ కణాల్లోని విద్యుత్ ద్వారాలే తగ్గి దాని సొంత తాళమే నెమ్మదించిందని తేలింది.

అంకె ఎంత అనేదాని కంటే ఆ అంకె వెనుక పగ్గం ఎలా ఆడుతోందన్నది ముఖ్యమని ఈ అభ్యంతరాలన్నీ కలిసి చెబుతున్నాయి. 1999లో అమెరికాలో 2,428 మందిని ట్రెడ్‌మిల్ మీద పరీక్షించి ఆరేళ్ల పాటు గమనించారు. పరుగు ఆపిన తొలి నిమిషంలో గుండె వేగం 12కు మించి తగ్గనివారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ తొలి నిమిషంలో గుండెను దించేది ప్రధానంగా వేగసే. మనం గడియారం వైపు చూసేది గుండె ఎంత ఎత్తు ఎక్కిందో తెలుసుకోవడానికి. చూడాల్సింది నడక ఆపి అరుగు మీద కూర్చున్నాక వచ్చే ఆ నిమిషాన్ని. అంకె ఒక్కొక్కటే దిగుతూ వస్తుంటే, సడలిన పగ్గాన్ని ఆ చేయి మళ్లీ అందుకుందని లెక్క. నిబ్బరం అని మనం ఏనాడో పెట్టుకున్న పేరు ఆ పట్టుకే సరిపోతుంది.