ఉస్తాద్ చేయి, ఊరి చేయి

2024 డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. ఆ వారమంతా తెలుగులోనూ ఉర్దూలోనూ నివాళులు చదివాం. రెండు భాషలూ వచ్చిన పాపానికి రెండూ చదవాల్సి వచ్చింది. ఉర్దూలో ఆయన అల్లారఖా కొడుకు, పంజాబ్ ఘరానా వారసుడు. తెలుగులో ఆయన 'మతాలకు అతీతుడు'. ఈ రెండో మాట దగ్గరే మేము ఆగిపోయాం.

పాల్ఘాట్ మణి అయ్యర్‌ను మతాతీతుడని ఎవరైనా అన్నారా? ఆయన మృదంగం గురించి రాసేవాళ్లు మృదంగం గురించే రాశారు. అదే న్యాయం. సాయిబు వాయిస్తే మాత్రం ముందు మతం గుర్తొస్తుంది. వెంటనే ఆయన దాన్ని దాటేశాడని సర్టిఫికెట్ ఇస్తారు. మెచ్చుకున్నామని వాళ్లనుకుంటారు, దాటకపోతే మనిషివి కావన్నట్టు మాకు వినబడుతుంది. ఇంతకీ తబలా సంగతి మూడో పేరాలో వస్తుంది, అదీ ఉంటే. 'వాహ్ తాజ్' టీ ప్రకటన మాత్రం తప్పకుండా ఉంటుంది.

జాకిర్ పలుసార్లు చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. పుట్టిన బిడ్డ చెవిలో దువా చదవాల్సిన తండ్రి తబలా బోల్‌లు వినిపించాడట. తల్లి కోప్పడితే ఇదే నా ప్రార్థన అన్నాడట. సరస్వతినీ గణపతినీ తలచుకునే ఆ తండ్రి నమాజీ. కొడుకు తెల్లవారుజామున తండ్రి దగ్గర బోల్‌లు, తర్వాత మదరసాలో ఖురాన్, ఆ తర్వాత బడిలో క్రైస్తవ గీతాలు. దీన్ని మతం దాటడం అనొచ్చా? మా ఇళ్లలో మతం ఇలాగే ఉండేదని ఎందుకు అనుకోరు?

ఇక చేయి సంగతికొస్తాం. అల్లారఖా సంగీత కుటుంబంలో పుట్టలేదు. 1919లో జమ్ము ప్రాంతపు పల్లెలో పుట్టి, ఇల్లు విడిచి, మియా ఖాదిర్ బఖ్ష్ దగ్గర చేరాడు. పంజాబ్ బాణీలో పఖావజ్ బరువుంటుంది. ఆ బరువు మీద ఆయన లెక్క కట్టాడు. తిహాయీ మూడుసార్లు తిరిగి సమ్ మీద పడుతుందని విన్నవాళ్లందరికీ తెలుసు. ఆయన దాన్ని ఎక్కడ మొదలుపెడతాడో మాత్రం తెలియదు. ఏ.ఆర్. ఖురేషీ పేరుతో సినిమాలకు పాటలు కట్టిందీ, రవిశంకర్ పక్కన కూర్చుని 1967లో మాంటెరీలో, 1969లో ఉడ్‌స్టాక్‌లో వాయించిందీ ఈ చేయే. అంతదాకా తబల్చీ అంటే వెనక కూర్చునేవాడు. ఆయన తర్వాత పక్కన కూర్చునేవాడయ్యాడు.

కొడుకు ఆ లెక్కను నవ్వుతూ చెప్పాడు. బాయాఁ మీద అరచేతి మడమ జరిపి స్వరం వంచేవాడు, చర్మం మాట్లాడినట్టుండేది. శక్తి బృందంలో విక్కు వినాయకరామ్ ఘటం పక్కన కూర్చుని దక్షిణాది లెక్కలు పట్టాడు. గుర్రం పరుగూ, రైలు కూతా చేయించేవాడు. ఈ కొంటెతనం ఒక్కోసారి ఎక్కువైందని మాకనిపించేది. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. జనం తప్పనడం లేదు. కానీ గాయకుడి వెనక నెమ్మదిగా ఠేకా పట్టి కూర్చున్నప్పుడే ఆయన అసలు గొప్పతనం తెలిసేది. అప్పుడు చప్పట్లు గాయకుడికి పోయేవి.

దీన్నే సంగత్ అంటారు. తోడుండటం. ఎదుటివాడి ఊపిరి విని వాయించడం. ఈ కొలత పట్టుకుని మన ఊళ్ల దాకా వస్తే ఎవరెవరు కనబడతారు?

హైదరాబాదులో షేక్ దావూద్ ఖాన్ కనబడతారు. 1916లో షోలాపూర్‌లో పుట్టి, దక్కన్ రేడియోకొచ్చి, అది ఆకాశవాణి అయ్యాకా అక్కడే పనిచేసి, 1992లో పోయారు. ఒక్క ఘరానాకు కట్టుబడక నాలుగు బాణీల కాయిదాలు పోగుచేసి, దేని రుచి దానిదిగా ఉంచి వాయించిన మనిషి. గట్టిగా కొట్టి మెప్పించాలన్న తపన ఆ చేతిలో లేదు. అక్షరం అక్షరంగా విడివిడిగా పలుకుతుంది, తీపిగా. దేశంలోని తబలా విద్యార్థులు ఆయన రికార్డింగులు వెతుక్కుని వింటారు. కొడుకు షబ్బీర్ నిసార్ ఆ విద్యను నిలబెట్టారు. అర్ధశతాబ్దం మన నేల మీద వాయించిన ఈ మనిషి గురించి తెలుగు విమర్శలో ఎన్ని పేజీలున్నాయి? తబలాను హిందుస్తానీ ఖాతాలోనూ, ఉర్దూను పాతబస్తీ ఖాతాలోనూ రాసేశాక తెలుగువాళ్ల సంగీతంలో ఆయనకు చోటేదీ? దావూద్ తెలుగువాడు కాడంటారేమో. షోలాపూర్ కన్నా శాన్‌ఫ్రాన్సిస్కో మనకు దగ్గరా?

కనీసం ఆయనకు ఉస్తాద్ అన్న మాట దక్కింది. మర్ఫా వాయించేవాళ్లకు అదీ లేదు. నిజాం కొలువుకు వచ్చిన హద్రమౌత్ అరబ్బులూ, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లోని సిద్దీలూ ఈ వాద్యాన్ని తెచ్చారు. బార్కస్, ఏసీ గార్డ్స్ గల్లీల్లో పెరిగిన ఆ దరువులో ఒకటి తీన్‌మార్. మూడు దెబ్బలు. ఈరోజు బోనాల్లో, గణేశ్ నిమజ్జనంలో, బరాత్‌లో తీన్‌మార్ పడకపోతే కాళ్లు లేవవు. టీవీ కార్యక్రమానికీ, 2011లో ఒక సినిమాకూ అదే పేరు. మాట అందరిదైంది, వాయించినవాళ్లు మాత్రం ఎవరూ కాకుండా పోయారు. వాళ్ల చేతిని గురించి మేమైనా రాశామా అంటే, లేదు. ఇరవై ఏళ్లు పత్రికల్లో పనిచేసి మహెఫిళ్ల గురించే రాశాం. మర్ఫా మోగుతుంటే కిటికీ మూసుకున్నాం. షరీఫుల ఇళ్లలో తబల్చీకి దివాన్‌ఖానా దాకా రానిచ్చేవాళ్లు, మర్ఫావాళ్లకు గుమ్మం బయటే పైసలిచ్చేవాళ్లు. మా సంస్కృతిని మీరు చూడలేదని తెలుగువాళ్లను నిలదీసే ముందు ఇది ఒప్పుకోవాలి.

మా జనగామ వైపే చూడండి. లింగాలఘణపురం మండలం మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథకు పేరు తెచ్చి 2017లో పోయారు. ఆ పేరు ఆయనకు న్యాయంగానే దక్కింది. కానీ ఆయన మాట ఆగినచోట అందుకుని, ఒక చేత పుల్ల, ఒక చేత అరచేయి వేసి కథను ముందుకు తోసిన డోలువాళ్ల పేర్లు? గుంటూరు వైపు షేక్ నాజర్, దూదేకుల బిడ్డ, 1986లో పద్మశ్రీ అందుకున్న బుర్రకథ పితామహుడు. తన కథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్న ధైర్యం ఆయనది. ఆయన తంబుర మీటుతుంటే పక్కన ఇద్దరు గుమ్మెటలు మోగించేవాళ్లు. ఎంతమందికి వాళ్ల పేర్లు తెలుసు? సంగత్ ఇచ్చినవాడిని మర్చిపోవడంలో మతభేదం లేదు, అక్కడ అందరమూ సమానమే.

బచ్చన్నపేటలో పీర్లు లేచిన రాత్రులే మేము మొదట విన్న కచేరీలు. పీరు మాది, డప్పు మాదిగలది, పీరు ఎత్తుకునేది ఏ కులంవాడైనా కావచ్చు. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగా ఆగకుండా నడుస్తుంటుంది, కుడిచేతి చిర్ర దాని మీద దెబ్బ వేస్తుంది. డప్పు కొట్టే తాత ఒకాయన ఎవరి మొహమూ చూడడు, పీరు ఎత్తినవాని పాదాలే చూస్తాడు. పాదం తడబడితే దరువు ఆగి నిలబెడుతుంది. గుండం దగ్గరికొచ్చేసరికి చిర్ర వేగం రెండింతలై, నిప్పుల మీద అడుగు పడే క్షణంలో ఒక్క దెబ్బ వదిలేస్తాడు. ఆ ఖాళీలో కాలు దాటుతుంది. తబలాలో ఇదే పని చేస్తే వాహ్వా అంటాం.

ఇప్పుడు మావాళ్లలోనే కొందరు పీర్లూ వద్దు, డప్పూ వద్దంటున్నారు. పెండ్లిలో డఫ్‌కు అనుమతి ఉందని ఒకరు, ఏ వాద్యమూ కూడదని ఇంకొకరు. ఆ వాదనలో దిగం. డప్పు ఆపమన్నప్పుడు పోయేది మాదిగతో మాకున్న ఒక్క రాత్రి సంగత్ అని మాత్రం చెబుతాం.

మొన్నటి మొహర్రంకు ఊరికి పోయినప్పుడు ఆ తాత పక్కన కూర్చుని అడిగాం.

"ఎవరు నేర్పిండ్రు తాతా నీకు?"

"గిదేమన్న సదువా సాబ్, నేర్పనీకి? మా నాయిన కొడుతుంటే ఇన్న. మా నాయిన ఆళ్ల నాయిన కొడుతుంటే ఇన్నడు."

మూడు తరాలు. ఘరానా అనడానికి అంతకంటే ఏం కావాలో మాకు తెలియదు. వాళ్ల పేర్లు చెప్పమని నోటుబుక్కు తీశాం. తాత తాతపేరు దగ్గర కాసేపు ఆలోచించి, డప్పు మీద వేలుతో కొట్టి చూశాడు. మెత్తబడ్డదన్నాడు. గడ్డి అంటుబెట్టి కాపడానికి లేచిపోయాడు.