నేటి ధర లేని తరగతి

ఇంటర్ పిల్లలకు ఆదివారం పూట షేర్ మార్కెట్ గురించి చెప్పే తరగతిలో నాది ఒకటే నియమం. ఇవాళ్టి ధర బోర్డు మీదికి రాకూడదు. నిన్నటిదీ, పోయిన నెలదీ కూడా వద్దు. కొత్తగా చేరిన పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. ఫోను చేతిలో పట్టుకుని, "మేడమ్, ఇప్పుడు ఏది కొంటే పెరుగుతుంది?" అని అడగడానికే చాలామంది వస్తారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెడితే నేను టీచర్ని కాను, టిప్పులిచ్చే మనిషిని.

2025 జనవరిలో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఒక సర్క్యులర్‌లో దాదాపు ఇదే గీత గీసింది. మార్కెట్ పాఠాలు చెప్పేవాళ్లు షేర్ల గురించి మాట్లాడేటప్పుడు గడచిన మూడు నెలల ధరలు వాడకూడదని చెప్పింది. పాఠం పేరుతో టిప్పులు అమ్ముకునేవాళ్లను ఆపడానికి పెట్టిన షరతు అది. బోధన వైపు నుంచి చూస్తే నాకు అందులో ఇంకో మేలు కనిపిస్తుంది. ధర పాతదైతే పిల్లవాడి చెయ్యి జేబులోకి పోదు. బుర్రకు పని పడుతుంది. నేనైతే మూడు నెలలతో ఆగను, నూటయాభై ఏళ్లు వెనక్కి తీసుకెళ్తాను.

ఎందుకింత పట్టుదల అంటే కారణం అంకెల్లోనే ఉంది. 2020 మార్చి నాటికి దేశంలో డీమ్యాట్ ఖాతాలు నాలుగు కోట్ల పైచిలుకు. 2024 చివరికి అవి 18 కోట్లు దాటాయి. ఇంతమంది మదుపులోకి రావడం మంచిదే. కానీ సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన అధ్యయనం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లోకి దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. నష్టం సగటున తలా రెండు లక్షల దాకా ఉంది. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఈ బరిలో ముప్ఫై ఏళ్ల లోపువాళ్లు 2022-23లో 31 శాతం ఉంటే, మరుసటి ఏడాదికి 43 శాతం అయ్యారు. నా ముందు బెంచీల మీద కూర్చున్న పిల్లల అన్నలూ అక్కలూ వీళ్లే.

చాలా కాలేజీల్లో దీనికి మందుగా ఒక ఆట పెడుతున్నారు. ఉత్తుత్తి పది లక్షలు ఇచ్చి, నెల రోజులు కొని అమ్మమని, ఎక్కువ సంపాదించినవాడికి బహుమతి ఇస్తారు. సదుద్దేశంతోనే పెడతారు, కాదనను. కానీ నెల రోజుల్లో మొదటి స్థానం ఎవరికొస్తుంది? ఉన్నదంతా ఒకటి రెండు షేర్ల మీద పెట్టి, అవి పెరిగినవాడికి. పది రకాల కంపెనీల్లో సర్దుకున్న పిల్ల ఎక్కడో మధ్యలో ఉంటుంది. అంటే తెగించినవాడికి చప్పట్లు కొట్టి, జాగ్రత్తపడినదానికి ఏమీ రాదని వేదికెక్కి చెప్పినట్టే. పైగా పోయిన డబ్బు ఎవరిదీ కాదు. నాకు ఆ పద్ధతి వద్దు.

ఇంకోవైపు తల్లిదండ్రులు ఉన్నారు. "షేర్లంటే జూదం కదమ్మా, పిల్లలకెందుకు?" అని అడుగుతారు. వాళ్లకు నేను రైసుమిల్లు ఉదాహరణే చెబుతాను. మా గుంటూరు వైపు మిల్లులో నాలుగణాల వాటా అంటే తెలియనివాళ్లు లేరు. వడ్డీకిచ్చినవాడికి మిల్లు ఎలా నడిచినా వడ్డీ రావాలి. వాటా ఉన్నవాడికి మిల్లు ఆడితేనే డబ్బు. షేరు కూడా అలాంటి వాటాయే. తేడా ఒక్కటి, చాలా పెద్దది. మిల్లు మునిగితే అప్పులవాళ్లు భాగస్తుడి ఇంటి మీదికి రావచ్చు. కంపెనీ మునిగితే వాటాదారుడు పెట్టిన సొమ్ము పోతుంది, అక్కడితో సరి. పరిమిత బాధ్యత అనే ఈ ఏర్పాటు వల్లనే ముక్కూ ముఖం తెలియని లక్షలమంది ఒక కంపెనీకి డబ్బివ్వగలుగుతున్నారు. ఈ మాట అర్థమైన తండ్రులు పిల్లల్ని పంపడమే కాదు, కొందరు తామూ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటున్నారు.

ఇక మా పద్ధతి. మేము దాన్ని కవర్ల పాఠం అంటాం. ఒక్కో కవరులో ఒక తేదీ నాటికి అందరికీ తెలిసిన సంగతులు మాత్రమే ఉంటాయి: అప్పటి ధర, పత్రికల్లో వచ్చిన కబురు, కంపెనీ చెప్పిన లెక్క. ఆ తరువాత ఏమైందో ఉండదు. పిల్లలు చదివి కొంటామో, అమ్ముతామో, ఊరుకుంటామో రాయాలి. ఎందుకో రెండు వాక్యాల్లో రాసి సంతకం పెట్టాలి. అప్పుడే రెండో కవరు తెరుస్తాం. సంతకం ఎందుకంటే, ఫలితం తెలిశాక ప్రతివాడూ "నేను ముందే అనుకున్నా" అంటాడు. కాగితం మీద వాడి చేతిరాత ఉంటే ఆ మాట రాదు.

మొదటి పాఠం ఎప్పుడూ బొంబాయిదే. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవుల్ని దిగ్బంధించాయి. అమెరికా పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్ మిల్లులు మన దేశం వైపు చూశాయి. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి కాకినాడ రేవు మీదుగా వెళ్లి 'కొకనాడాస్' అనే వ్యాపార నామం సంపాదించుకున్నది. తమ పొలాల్లో పండే పత్తికి ఈ కథలో చోటుందని తెలియగానే మా పిల్లలు వెన్ను నిటారు చేసుకుంటారు. బొంబాయికి మాత్రం వరదలా డబ్బు వచ్చిపడింది. ఆ డబ్బు బ్యాంకుల్లోకి, ఫైనాన్షియల్ అసోసియేషన్లలోకి, సముద్రాన్ని పూడ్చి భూమి తీసే కంపెనీల్లోకి మళ్లింది. ఆ రోజుల్లో షేర్ల బజారులో ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ మాటకు తిరుగులేదు. అలాంటి పూడిక కంపెనీల్లో ఒకటైన బ్యాక్ బేలో ఐదు వేలు చెల్లించిన షేరు యాభై వేలకు ఎగబాకింది.

1864 నాటి ఈ కవరు తెరిచాక కొననని రాసేవాళ్లు చాలా అరుదు. కారణాలు చదవాలి మీరు. 'ఊరు పెరుగుతోంది, భూమి పెరగదు' అని ఒకరు. 'ఇంతమంది పెద్దలు కొన్నారంటే చూసుకునే ఉంటారు' అని ఇంకొకరు. రియల్ ఎస్టేట్ వెంచర్ల బ్రోచర్లలో ఈ మాటలు ఇప్పటికీ కనబడుతూనే ఉన్నాయి.

రెండో కవరులో 1865 వసంతం. యుద్ధం ముగిసింది. పత్తి ధర కూలింది. 1865 జూలై 1కి చెల్లించాల్సిన గడువు ఒప్పందాలు కుప్పలుగా ఉన్నాయి. అంటే ఆ రోజున ఈ ధరకు ఇన్ని షేర్లు తీసుకుంటానని చేతిలో డబ్బు లేకుండా ఇచ్చిన మాటలు. ఆ తేదీ రాగానే ఇవ్వాల్సినవాడి దగ్గరా లేదు, రావాల్సినవాడి దగ్గరా లేదు. 2,850 రూపాయలు పలికిన బ్యాంక్ ఆఫ్ బాంబే షేరు 87కి దిగింది.

అప్పుడు నేను అడుగుతాను. పత్తి నిజం, సముద్రం నిజం, పూడ్చితే వచ్చే భూమీ నిజమే. మరి అబద్ధం ఏది? ఈ ఒక్క ప్రశ్న మీద గంట గడిచిపోతుంది, గడవనిస్తాను. యుద్ధం ఎల్లకాలం సాగుతుందన్న లెక్క అబద్ధమని ఎవరో ఒకరు పట్టుకుంటారు. కాసేపటికి ఇంకొకరు లేచి, "మేడమ్, జూలై ఒకటి అంటే మన ఎక్స్‌పైరీ లాంటిదే కదా" అంటారు. ఆ మాట నా నోటితో చెప్పను, వాళ్ల నుంచి రావాలని ఎదురుచూస్తాను. కొద్ది సొమ్ముతో పెద్ద మాట ఇచ్చి, గడువు నాటికి తేల్చుకోవడం అనేది ఫోను యాప్‌తో పుట్టలేదని వాళ్లకు అక్కడ తెలుస్తుంది. ఆప్షన్స్ గురించి నేను ఇచ్చే ఏ ఉపన్యాసమూ ఇంత పని చేయదు.

ప్రేమ్‌చంద్ ఆస్తి పోగొట్టుకుని మళ్లీ నిలదొక్కుకున్నాడు. బొంబాయి విశ్వవిద్యాలయంలోని రాజాబాయి గడియార స్తంభం ఆయన విరాళంతో, ఆయన తల్లి పేరిట లేచింది. టౌన్‌హాల్ దగ్గర మర్రిచెట్ల కింద బేరాలాడిన దళారులు 1875లో సంఘం కట్టారు. అదే ఇప్పటి బీఎస్ఈ. కూలిన పదేళ్లకు కట్టుబాటు వచ్చిందన్నమాట. సెబీకి 1992లో చట్టబద్ధమైన అధికారాలు వచ్చిన కొద్ది నెలల్లోనే హర్షద్ మెహతా కుంభకోణం బయటపడిందని చెప్పి, ఆ కట్టుబాట్లను గోడల్లాగా కాక మచ్చల్లాగా చూడమంటాను.

మా ప్రాంతంలో ఈ పాఠం చెప్పేవాళ్లెవరూ సత్యం కంప్యూటర్స్ కథను దాటి పోలేరు. నేను దాని మీద రెండు ఆదివారాలు పెడతాను. మొదటి కవరు 2008 సెప్టెంబరు. హైదరాబాద్ కంపెనీ, యాభై వేల పైగా ఉద్యోగులు, న్యూయార్క్‌లో లిస్టింగ్, ఆ నెలలోనే కార్పొరేట్ పరిపాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం. పిల్లలంతా కొంటారు. రెండో కవరు 2008 డిసెంబరు 16. వ్యవస్థాపకుడి కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకు కొనాలని బోర్డు నిర్ణయించింది. అమెరికాలో షేరు సగానికి పైగా పడిపోవడంతో గంటల్లోనే వెనక్కి తీసుకున్నది. ఇక్కడ తరగతి రెండుగా చీలుతుంది. తప్పు దిద్దుకున్నారు కదా, చవగ్గా వస్తోంది, కొందామని సగం మంది. అసలు ఎవరి డబ్బుతో ఎవరి ఆస్తి కొనబోయారని మిగతా సగం. మూడో కవరు 2009 జనవరి 7. ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ. పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు చూపితే, అందులో 5,040 కోట్లు అసలు లేవు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40.

"ముందే ఎలా తెలుస్తుంది మేడమ్?" అని అడుగుతారు. ఇక్కడ టీచర్లు చాలామంది జారిపోతారని నా అభిప్రాయం. గుర్తులన్నీ కళ్లముందే ఉన్నాయని, చదువుకున్నవాళ్లకు కనబడతాయని చెప్పడం తేలిక. అది నిజం కాదు. ఆడిటర్లు సంతకం పెట్టిన లెక్కలు, పెద్దపెద్ద ఫండ్లు నమ్మిన లెక్కలు. వార్షిక నివేదిక ముందేసుకుని కూర్చున్న మామూలు మదుపరికి ఆ అయిదు వేల కోట్లు లేవని తెలిసే దారి లేదు. డిసెంబరు 16 ఒక గంట మోగించింది, నిజమే. అంతకుముందు మామూలు మదుపరికి అంత స్పష్టమైన గంట వినబడలేదు. తెలుసుకోలేనివి కొన్ని ఉంటాయని ఒప్పుకున్నాకే, అన్నీ ఒకేచోట పెట్టకూడదన్న మాటకు బలం వస్తుంది. మా తరగతిలో బాబాయో, మేనమామో ఆ కంపెనీలో పనిచేసిన పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. జీతమూ అక్కడే, దాచుకున్న షేర్లూ అక్కడే ఉన్న ఇళ్లలో ఆ జనవరి ఎలా గడిచిందో వాళ్లు విని ఉంటారు. చెప్పమని నేను అడగను. చెప్పదలిస్తే చెబుతారు.

గ్రాఫు కాగితం మీద సెన్సెక్స్‌ను చేత్తో గీయించడం ఇంకో పాఠం. 1992 ఏప్రిల్ 22న సూచీ 4,467. పదకొండేళ్ల తరువాత, 2003 ఏప్రిల్‌లో మూడువేల దగ్గర. 2008 జనవరిలో 21 వేలు, అదే అక్టోబరులో ఎనిమిది వేల లోపు. డివిడెండ్లు ఇందులో కలపలేదని చెబుతాను. అయినా ఆ పదకొండేళ్ల గీత గీస్తున్నప్పుడు పెన్సిలు నెమ్మదిస్తుంది. దీర్ఘకాలం ఆగితే చాలని వీడియోల్లో ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. ఆ ఆగడం పదిహేడేళ్ల పిల్లవాడి వయసులో ఎంత భాగమో వాడి చెయ్యికి తెలియాలి. 2020 మార్చి తరువాత ఖాతా తెరిచిన తరానికి పడితే నెలల్లో లేచే మార్కెట్టే తెలుసు. అంతకంటే పొడవైన పతనం వాళ్లు చూడలేదు. చూడనిది చూపించడానికి చరిత్ర తప్ప నా దగ్గర వేరే పరికరం లేదు.

ఈ మధ్య ఒకమ్మాయి వాళ్ల తాతగారి ట్రంకుపెట్టెలోంచి షేరు సర్టిఫికెట్లు తెచ్చింది. ఫోలియో నంబరు, డైరెక్టర్ల సంతకాలు, కంపెనీ ముద్ర ఉన్న దళసరి కాగితాలు. షేరు అంటే తెర మీద ఆకుపచ్చ, ఎరుపు అంకె అనుకునే పిల్లలు వాటిని చేతిలోంచి చేతికి మార్చుకున్నారు. ప్రపంచంలో దొరికినవాటిలో అతి పాత షేరు కాగితం డచ్ ఈస్టిండియా కంపెనీదని, 1606 నాటిదని, 2010లో నెదర్లాండ్స్‌లో ఒక చరిత్ర విద్యార్థి దాన్ని పాత రికార్డుల్లో కనుక్కున్నాడని చెప్పాను. ఇప్పుడు కాగితం షేర్లను నేరుగా అమ్మే వీలు లేదు. 2019 ఏప్రిల్ నుంచి బదిలీకి డీమ్యాట్ తప్పనిసరి. ఏడేళ్లు వరుసగా డివిడెండ్ తీసుకోకపోతే ఆ డివిడెండూ, షేర్లూ ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళతాయి. పోయినట్టు కాదు, వారసులు రుజువులు చూపి వెనక్కి అడగవచ్చు. సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంది. తరగతంతా కలిసి కావాల్సిన కాగితాల జాబితా రాసింది. వాళ్ల నాన్నగారు ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

ఆ ట్రంకుపెట్టె సర్టిఫికెట్ల కంపెనీ మీద కొత్త కవర్లు తయారు చేద్దామని పిల్లల కోరిక. దానికి 1980ల నాటి వార్షిక నివేదికలు కావాలి, అవి ఇంటర్నెట్‌లో దొరకడం లేదు. చదువరుల్లో ఎవరి అటక మీదైనా పాత కంపెనీ నివేదికలు, బ్రోకర్ల కాంట్రాక్టు నోట్లు, పబ్లిక్ ఇష్యూ దరఖాస్తులు ఉంటే తూకానికి వేయకండి. షేరు సర్టిఫికెట్లు మాత్రం మీ దగ్గరే భద్రంగా పెట్టుకోండి. మిగతావాటి మీద సంతకం, ఫోలియో నంబరు కనబడకుండా కొట్టేసి, మీ ఊరి కాలేజీలో కామర్స్ చెప్పేవారి చేతిలో పెట్టండి.